చిన్నాయన హస్తవాసి

చిన్నాయన పోయాడని పిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ప్రొద్దుటూరు అంగట్లో రబ్బరు షీటు కోస్తున్నాను. "పాపా, మీ చిన్నాయన ఎంత పిలిచినా లేస్తాలేడు," అంది. కత్తి కింద పడేసి, అంగడికి తాళం కూడా వేయకుండా పరిగెత్తాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. అంతకు ముందురోజు సాయంత్రం నాతో సగం టీ పంచుకున్న మనిషి.

మధ్యాహ్నానికి జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి జనం వచ్చారు. ఇంటి ముందు చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు. చూస్తే గడప నుంచి వీధి మలుపు దాకా దాదాపు అన్నీ మా అంగడి చెప్పులే. మెత్తటి నల్ల రబ్బరు అడుగు, వెడల్పు పట్టీలు, మడమ వెనక ఒక ఆనింపు. షుగర్ వచ్చి కాళ్లు మొద్దుబారిన వాళ్లకు చిన్నాయన చేసిచ్చే చెప్పులు. అలాంటి వాళ్లు ఒట్టి కాళ్లతో పెరట్లోకి కూడా పోకూడదని ఆయన ముప్పై ఏళ్లు గొంతు చించుకున్నాడు. బతికుంటే ఆ రోజు ఒక్కొక్కరినీ నిలబెట్టి తిట్టేవాడు.

శవం పక్కన ఒక పెద్దాయన పైపంచెతో కళ్లు తుడుచుకుంటూ, "ఇంగ మా కాళ్లకు దిక్కెవురప్పా? అట్లాంటి చెయ్యి మల్ల పుడ్తాదా?" అన్నాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయన గడప బయట విడిచి వచ్చిన జత నేను చేసిందే. నేనే కోసి, నేనే అంటించి, నేనే కుట్టాను. గత మూడేళ్లుగా ఆ అంగడి నుంచి బయటికి పోయిన ప్రతి జతా అంతే. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

మాది రాజుపాలెం దగ్గర పల్లె. చిన్నాయన మా నాయనకు తమ్ముడు. మా జేజి, అంటే వాళ్ల అమ్మ, శనగ చేలో ముల్లు దిగితే నాలుగు రోజులు దాన్ని కాల్లోనే పెట్టుకుని తిరిగింది. షుగర్ వల్ల ఆమెకు నొప్పే తెలియలేదు. చూసేటప్పటికి కాలు నల్లబడింది, మోకాలి దాకా తీసేశారు. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. కర్మంతరం కాగానే చిన్నాయన పొలం మా నాయనకు అప్పగించి, ప్రొద్దుటూరు వచ్చి, ఒక ముసలి చెప్పులాయన పక్కన గోనెపట్ట వేసుకుని కూర్చున్నాడు. రెండేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. చచ్చేదాకా ఆయన పేరెత్తకుండా "మా గురువు" అనే అన్నాడు. భూమి ఉండే ఇంట్లో పుట్టి చెప్పులు కుడతాడా అని చుట్టాలు కొందరు పెండ్లిళ్లకు పిలవడం మానేశారు. తర్వాత వాళ్లకూ షుగర్ వచ్చింది. పిలుపుల్లేకుండానే మా అంగడికి వచ్చారు. చిన్నాయన వాళ్లను ఒక్క మాట అనలేదు. నేనైతే రెండు మాటలు అనేదాన్నే.

ఆయన కొలత తీసే పద్ధతి చెప్పాలి. చిన్న పీట వేసుకుని కింద కూర్చుని, వచ్చిన మనిషి పాదం తన తొడ మీద పెట్టుకునేవాడు. వచ్చినవాళ్లు సిగ్గుతో కాలు వెనక్కి లాక్కునేవాళ్లు. "ఏమప్పా, పెద్దోనివి, మా కాళ్లు పట్టుకుంటాండావు?" అంటే, "నీ కాలు పట్టుకుంటే నాకేం కాదు లేప్పా, పుండు పట్టుకుంటే నీకయితాది," అనేవాడు. స్టాంపు సిరా అరికాలికి రాసి తెల్లకాగితం మీద అచ్చు తీసేవాడు. బరువు ఎక్కడ ఎక్కువ పడుతోందో అక్కడ సిరా ముదురుగా పడుతుంది. అచ్చు తీశాక కూడా కళ్లు మూసుకుని బొటనవేలితో పాదమంతా తడిమేవాడు. ఎక్కడన్నా వేడి తగిలితే చెయ్యి అక్కడే ఆగిపోయేది. "కాలు చెప్పదు పాపా. మనమే అడగాల," అన్నది ఆయన నాకు నేర్పిన మొదటి మాట.

జనం మాత్రం ఇదంతా చూడలేదు. ఆయన చెయ్యి చూశారు. పుండు పడబోయిన కాలు ఆయన చెప్పులతో బాగుపడితే, రబ్బరు మెత్తదనం అనలేదు, కొలత అనలేదు, "ఆయప్ప హస్తవాసి మంచిది" అన్నారు. ఆ మాట మూడు ఊళ్లకూ పాకింది. అంగడి బతికింది ఆ మాట వల్లే. అంగడి పెరగకుండా నిలబడిపోయిందీ ఆ మాట వల్లే. నాకు ఇది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఒకసారి బెంగళూరు నుంచి, ఇలాంటి చిన్న వ్యాపారాలకు సాయం చేస్తామని ఒక కుర్రాయన వచ్చాడు. మంచి పిల్లవాడే. మీరు ఇంకా ఎందుకు పెరగలేదు అని అడిగాడు. చిన్నాయన వేళ్లు మడుస్తూ చెప్పాడు. రబ్బరు సకాలంలో రాదు, అంగడి ఇరుకు, మంచి మిషను లేదు. ఆ అబ్బాయి అన్నీ రాసుకుని, "సార్, రేపు మీరు అంగడికి రాలేదనుకోండి, పని ఎవరు చేస్తారు?" అన్నాడు.

"రేపు రాకుంటే ఎల్లుండి వస్తా," అన్నాడు చిన్నాయన.

ఆ అబ్బాయి నవ్వాడు. చిన్నాయనా నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పటికి ఆయన పక్కన పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మా ఆయన కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోతాడు. నేను పిల్లను బడికి పంపి అంగడికి వచ్చేదాన్ని. ఆ మాటకు జవాబు ఆయన పక్కనే కూర్చుని ఉంది. ఆయన నా వైపు చూడను కూడా లేదు.

నా చేత కూడా అవుతుందని చూపించాలన్న పట్టుదలతోనే పులివెందులలో రెండో అంగడి పెట్టించాను. బస్టాండు దగ్గర చిన్న గది. రోజూ పొద్దున బస్సెక్కి పోయి కూర్చునేదాన్ని. జనం వచ్చేవాళ్లు, గడప దగ్గరే నిలబడి లోపలికి తొంగి చూసేవాళ్లు. "పెద్దాయన లేడామ్మా?" "నేనుండాను గదన్నా, రా, కూచో." "పర్వాలేదు లే, ఆయప్ప వచ్చిన దినమే వస్తాం." గంటన్నర బస్సులో ఊగుతూ ప్రొద్దుటూరు పోయేవాళ్లు గానీ నా చేతికి కాలిచ్చేవాళ్లు కాదు. చివరికి చిన్నాయన మంగళవారాలు రావడం మొదలుపెట్టాడు. మంగళవారం గదిలో నిలబడే చోటు ఉండదు. మిగతా రోజుల్లో నేనూ, గోడ మీద బల్లీ.

అలాంటి ఒక మంగళవారమే అది జరిగింది. ఒక రైతుకు నేను చేసిన జత వేశాను. నాలుగడుగులు నడిచి మొహం చిట్లించాడు. "ఎట్లనో ఉండాది. పెద్దాయన ఒగసారి చూస్తే బాగుండు." చిన్నాయన ఆ జత తీసుకుని, పనిబల్లకు అడ్డంగా కట్టిన తెర వెనక్కి పోయాడు. సుత్తితో రెండు దెబ్బలు వినిపించాయి. టక్, టక్. బయటికి తెచ్చి తొడిగాడు. రైతు నడిచి చూసి, "అదీ చెయ్యంటే!" అని ఒకటే సంతోషం. నేను తర్వాత లోపలికి పోయి అడిగాను, ఏం మార్చావని.

"ఏం మార్చల్యా. బల్ల మీద కొట్నా."

"అంటే నేను చేసింది బాగనే ఉండాది."

"శానా బాగుండాది. నాకంటే బాగ చేసినావు."

"ఆ మాట ఆయప్ప ముందర చెప్పొచ్చు గదా చిన్నాయనా!"

ఆయన సుత్తి మేకుకు తగిలించి బయటికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ రోజు ఆయన్ను తిట్టుకున్నాను. గొప్ప అంతా తనకే ఉండాలనుకుంటున్నాడని అనుకున్నాను. ఆ ఏడాదే పులివెందుల గది ఖాళీ చేశాం.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. కత్తి పట్టుకుంటే గీత వంకర పోయేది. అప్పటి నుంచి తెర వెనక పనంతా నాది. ఆయన తెర ముందు కూర్చుని, పాదాలు తడిమి, తయారైన జతకు లోపల రెండు దెబ్బలు కొట్టి తెచ్చి ఇచ్చేవాడు. ఆ రెండు దెబ్బలు లేకుండా ఏ జతా బయటికి పోలేదు. జమ్మలమడుగులో ఒక డాక్టరు తన ఆసుపత్రిలో మాకు చోటిస్తానన్నాడు, కొలత తీసే మనిషి ఉంటే చాలన్నాడు. నేను పోతానన్నాను. చిన్నాయన చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే వద్దు అని.

ఒకసారి ఆయన జ్వరంతో పడుకున్నప్పుడు చిలమకూరు నుంచి ఒకాయన వచ్చాడు. సిమెంటు మూటలు ఎత్తే మనిషి. బొటనవేలి కింద ఎర్రగా ఉంది. కొలత నేను తీస్తానన్నాను. వద్దన్నాడు. నాలుగు రోజులు ఆగితే తగ్గే ఎరుపు కాదన్నా అది, ఇప్పుడే కొలత ఇవ్వమని బతిమాలాను. "ఆయప్ప లేసినంక వస్తా లేమ్మా," అని పాత హవాయి చెప్పులు ఈడ్చుకుంటూ పోయాడు. చిన్నాయన మూడు వారాలు లేవలేదు. ఆ తర్వాత రెండు నెలలకు ఆ మనిషి చంకలో కర్ర పెట్టుకుని వచ్చాడు. కుడికాలు చీలమండ పైనుంచి కిందికి లేదు. చిన్నాయన ఎదురుగా కూర్చుని మామూలుగానే చెప్పాడు: "ఒగటే చాలప్పా ఇంగ."

ఎడమకాలికి ఒక్క చెప్పు చేశాను. నా చేతుల్లో అంత భారమైన చెప్పు ఎప్పుడూ లేదు. చిన్నాయన తెర వెనక్కి వచ్చి సుత్తి అందుకున్నాడు. కొట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"బెంగళూరు పిల్లోడు అడిగె గదా పాపా, ఏందడ్డమని. రబ్బరు కాదు, మిషను కాదు. నేనే."

"నాకు ఎప్పుడో తెలుసు," అన్నాను. కఠినంగానే అన్నాను. ఆ మాట ఇప్పుడు నన్ను తింటోంది.

"అందరికీ చెప్తా. ఈ చెప్పులు చేసేది మా పాప, నేను కాదు అని చెప్తా. ఉగాది పోనీ."

ఉగాది పోయింది. దసరా పోయింది. రోజూ పొద్దున ఈ రోజు చెప్తాడేమోనని తెర పక్కన చెవి పెట్టుకుని వినేదాన్ని. ఎవరో ఒకరు కాలు చాపుకుని ఆయన మొహంలోకి నమ్మకంగా చూసేవాళ్లు. ఆయన నోరు తెరిచేవాడు, "ఒట్టి కాళ్లతో తిరగొద్దప్పా" అని ముగించేవాడు. చివరి సాయంత్రం టీ తాగుతూ కూడా ఆయన ఏదో చెప్పబోయి, గ్లాసు నా వైపు జరిపాడు.

ఆయన ఎందుకు చెప్పలేదో నాకు పోయిన వారం వరకూ తెలియలేదు.

పదకొండో రోజు కాగానే అంగడి తెరిచాను. ఒక నిర్ణయానికి వచ్చే తెరిచాను. వచ్చిన మొదటి మనిషికే నిజం చెప్పాలి. ఇవి నేను చేసినవి, మూడేళ్లుగా మీరు తొడుక్కుంటున్నవి నేను చేసినవే, మీ కాళ్లు బాగున్నాయి కదా, ఇక ముందూ బాగుంటాయి. ఇంట్లో మా ఆయన ముందు చెప్పి చూసుకున్నాను కూడా. కానీ వారం రోజులు ఎవరూ రాలేదు. పెద్దాయనే పోయాక ఇంకేముంది అనుకున్నట్టున్నారు. అరల్లో ఏళ్లనాటి పాదాల అచ్చులు కట్టలు కట్టి ఉన్నాయి. ఆ పాదాలన్నీ ఇప్పుడు ఏం తొడుక్కుని తిరుగుతున్నాయోనని భయమేసేది.

ఎనిమిదో రోజు జమ్మలమడుగు నుంచి ఒక అవ్వ వచ్చింది. చిన్నాయన పోకముందు ఆమె అచ్చు తీసుకున్నాడు. జత తయారై అరలో ఉంది. తీసి ముందు పెట్టాను. అవ్వ వాటిని ముట్టుకోలేదు. నా మొహంలోకి చూసింది.

"ఆయప్ప చెయ్యి పడిందామ్మా దీని మీద?"

"అవ్వా, నేను ఒక మాట చెప్పాల," అన్నాను.

"పడకుంటే వద్దు లే తల్లీ. మా మనవడి హవాయి చెప్పులుండాయి, అవే ఏసుకుంటా. నాకు ఇంకెన్నాళ్లు!" అని లేవబోయింది.

ఆమె ఎడమ పాదం లోపలి పక్క, బొటనవేలు మొదట్లో, రూపాయి బిళ్లంత ఎరుపు. చెయ్యి పెట్టి చూడక్కరలేదు, పీట దగ్గరి నుంచే కనబడుతోంది. ఈ జత తొడుక్కుంటే అది తగ్గుతుంది. హవాయి చెప్పులతో పోతే నెలకు పుండవుతుంది. చిలమకూరు ఆయన నా కళ్ల ముందు నిలబడ్డాడు. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. చిన్నాయన మూడేళ్లు ఆ పీట మీద కూర్చుని రోజూ చూసింది ఇదేనని అప్పుడు తెలిసింది. ముందున్న ఒక్క కాలు. అది గడప దాటి పోతుందేమోనన్న భయం. దానికి నేను గొప్ప అని పేరు పెట్టాను.

చిన్నాయనా, నన్ను క్షమించు.

"కూచో అవ్వా, వస్తాండా," అని ఆ జత తీసుకుని తెర వెనక్కి పోయాను. మేకుకు సుత్తి అలాగే వేలాడుతోంది. అందుకుని బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాను. బయటికి వచ్చి, సుత్తి పక్కన పెట్టి, పీట వేసుకుని కూర్చుని, ఆమె పాదం నా తొడ మీద పెట్టుకుని చెప్పు తొడిగాను.

"పడిందవ్వా," అన్నాను.

అవ్వ నాలుగడుగులు నడిచి, తృప్తిగా తలాడించి, బస్టాండు వైపు పోయింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. సుత్తి మళ్లీ ఎప్పుడు అందుకున్నానో, నా చేతిలో ఉంది.