చలికి వేసిన మార్కులు

డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన మా అమ్మాయి స్వాతి, అక్కడే చదవాలా, కెనడాలోని లండన్‌లో యూనివర్సిటీకి వెళ్ళాలా అని తేల్చుకోలేకపోతున్న రోజులవి. క్యాంపస్ చూసి తిరిగివస్తూ లండన్ రైల్వేస్టేషన్‌లో కూర్చున్నాం. రెండు చోట్లకూ పన్నెండు అంశాల్లో నేను మార్కులు వేసిన కాగితం తీశాను. మూడు మార్కుల తేడాతో డెట్రాయిట్ గెలిచింది. స్వాతి మొహం చిన్నబోయింది.

పక్క సీట్లో, కాఫీషాపు యూనిఫాంలో ఉన్న తెలంగాణ విద్యార్థిని ఒకమ్మాయి కాగితంలోకి తొంగిచూసింది.

"అంకుల్, ఈడి చలికి గింత తక్కువ ఏసిండ్రేంది?"

"మైనస్ పది కదమ్మా!"

"అయ్యో, అది సెల్సియస్ అంకుల్! మీ ఫారెన్‌హీట్ల పద్నాలుగు. మీ ఊర్ల గూడ గంతే చలి."

ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఫారెన్‌హీట్‌లోనే బతుకుతున్నవాణ్ణి. సిగ్గుపడి దిద్దాను. మొత్తాలు సమానమయ్యాయి.

"ఇప్పుడెలా?" అన్నాను.

ఆ అమ్మాయి నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని స్వాతికిచ్చింది. "చదివేది చెల్లె గదా అంకుల్. ఆమె మార్కులేవి?"

స్వాతి అడుగున పదమూడో వరుస గీసి, 'నాకిష్టం' అని ఇంగ్లీషులో రాసి, లండన్‌కు పది వేసింది.

"మరి డెట్రాయిట్‌కి?"

"ఎయిట్, నాన్నా."

ఏ లెక్కనైనా రెండుసార్లు కూడి చూసుకుంటాను. ఆ కాగితాన్ని మాత్రం మళ్ళీ కూడలేదు.