నరసమ్మత్త కట్టిన కట్టు

మొన్న మా కోడలు మసిగుడ్డలకోసం పాత నూలుచీర చించుతోంది. అంచు దగ్గర పళ్లతో కొరికి, రెండు చేతులతో పట్టి లాగితే చర్రుమని చివరిదాకా చిరిగింది. ముందుగదిలో కూర్చున్న నా చెయ్యి నాకు తెలియకుండానే ఛాతీ మీదికి పోయింది. నలభై ఏళ్లు దాటినా ఆ చప్పుడు వింటే నా ఊపిరి ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఆ వెంటనే నరసమ్మత్త గుర్తొస్తుంది. ఆవిడ మీలో ఎవరికీ తెలియదు. హిందీ మాట్లాడే ఉక్కు పట్నంలో బిర్సానగర్ అనే బస్తీ; అక్కడ నా గదికి మూడో ఇల్లు ఆవిడది. శ్రీకాకుళం వైపు నుంచి పనులకోసం వచ్చిన మా కుటుంబాలన్నిటికీ ఆవిడే మంత్రసాని. నాకు రక్తసంబంధం ఏమీ కాదు. వీధంతా అత్త అంటే నేనూ అత్త అన్నాను.

నా సంగతి దాచకుండా చెబుతాను, తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. పద్నాలుగేళ్లప్పటి నుంచి నా ఛాతీ ఆడపిల్ల ఛాతీలా పెరిగింది. ఒళ్లు చేసి కాదు, మిగతా మనిషంతా కర్రలాగే ఉండేవాణ్ని. ఆదిత్యపూర్‌లో ఇనుము పోతపోసే చిన్న కార్ఖానాలో పని. కొలిమి వేడికి అందరూ చొక్కాలు విప్పేసేవారు. నేను మాత్రం రెండు బనియన్లు, వాటి మీద చొక్కా. "ఏటి బావా, సలేత్తందా?" అని మావాళ్లు నవ్వేవారు. కుళాయి దగ్గరికి వీధి లేవకముందే వెళ్లి స్నానం చేసి వచ్చేవాణ్ని. వచ్చిన సంబంధాలన్నీ ఏదో వంక పెట్టి తిప్పికొట్టాను. ముప్ఫై రెండేళ్ల వయసులో జ్వరమని ఆస్పత్రికి వెళితే, పరీక్ష చేసిన డాక్టరుగారు, "ఇది చాలామంది మగవాళ్లకి వస్తుంది. నీ తప్పేమీ కాదు. కావాలంటే తీసేస్తాం" అన్నారు. తీసేయవచ్చన్న సంగతి అంతవరకూ నాకు తెలియదు.

ఆపరేషనుకి ఒంటరిగా వెళ్లాను. ఊరందరికీ పేగు జారిందని చెప్పాను. బరువులెత్తేవాడికి పేగు జారడం మర్యాదైన జబ్బు, ఎవరూ నవ్వరు. వారం తర్వాత ఛాతీ చుట్టూ బిగుతైన కట్టుతో, చేతిలో హిందీలో రాసిన ఒక కాగితంతో పంపించారు. చేయాల్సినవీ చేయకూడనివీ అన్నీ అందులో ఉన్నాయంది ఆస్పత్రి నర్సు. అన్నీ తెలిసినవాడిలా తలూపాను. నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు. ఎవరిచేతైనా చదివించుకుందామంటే, చదివినవాడికి నా గుట్టు తెలిసిపోతుంది. మడిచి ట్రంకుపెట్టెలో బట్టల అడుగున పెట్టేశాను.

పన్నెండో రోజుకే పనిలోకి వెళ్లాను. ఎక్కువ రోజులు ఉండిపోతే ఆరాలు మొదలవుతాయని నా భయం. మా మేస్త్రీ హిందీవాడు, మంచివాడు. "పేట్ పర్ జోర్ మత్ దేనా భాయ్, బైఠ్ కే కామ్ కర్" అన్నాడు. కడుపు మీద బరువు పడనీయకు, కూర్చుని చేయి అని. నాకోసం స్టూలు వేయించి చైన్ పుల్లీ దగ్గర కూర్చోబెట్టాడు. అచ్చుపెట్టెలు పైకి లేవాలంటే తల మీద వేలాడే ఆ గొలుసుని రెండు చేతులూ ఎత్తి కిందికి లాగుతూ ఉండాలి. పేగు జారినవాడికి అంతకన్నా తేలికైన పని లేదని ఆయన అనుకున్నాడు. తోటివాళ్లు నన్ను నడవనివ్వలేదు, వంగనివ్వలేదు, మంచినీళ్లు కూడా తెచ్చి చేతికిచ్చారు. అందరూ లేని జబ్బుని అంత ప్రేమగా చూసుకుంటుంటే, ఉన్న గాయం లోపల తెగుతోంది. మధ్యాహ్నానికి ఎడమవైపు ఏదో వేడిగా జారినట్టయింది. నోరు విప్పలేదు. ఏమని విప్పను?

సాయంత్రం గదికి వచ్చి గోడకి ఆనుకుని కూలబడ్డాను. నరసమ్మత్త గంజి పట్టుకొచ్చింది. గిన్నె అందుకోబోతే చెయ్యి లేవలేదు.

"ఏటిరా సింహాచలం, సెయ్యి లెగదేటి?"

"పేగు కోత కదత్తా. సలుపుతంది."

"నా సెవిలో పువ్వెట్టకు. పేగు కోసినోడు వంగలేడు. సెయ్యెందుకు లెగదు? సొక్కా ఇప్పు."

"వద్దత్తా."

"నీ సిగ్గు సంతకెల్ల! ఈ ఈదిలో సగం మందిని బయటికి లాగింది ఈ సేతుల్తోనే. నీకాడ నాకు తెలీందేటుంది?"

తనే బొత్తాలు విప్పింది. కట్టు ఎర్రగా తడిసి ఉంది. దాని కింద ఎడమవైపు కోడిగుడ్డంత ఉబ్బు. నేను ముఖం గోడవైపు తిప్పేసుకున్నాను. ఇప్పుడు నవ్వుతుంది, ఇంకో గంటలో వీధంతా నవ్వుతుంది అనుకున్నాను. నవ్వు వినబడలేదు. చర్రుమని చీర చిరిగిన చప్పుడు వినబడింది. ఉతికి ఎండబెట్టిన పాత చీర ఒకటి ఆవిడ భుజాన ఉన్న సంచిలో ఎప్పుడూ ఉండేది.

పాత కట్టు మీదినుంచే చుట్టడం మొదలుపెట్టింది. "ఈ కట్టు ఎవులికి కడతానో ఎరుగుదువా? బిడ్డ పోయిన తల్లులికి. పాలు దిగి రొమ్ము రాయిలాగైపోద్ది, తాగే నోరుండదు. అప్పుడు ఇలగే కడతాను. ఆళ్లూ నీలాగే, నొప్పని సెప్పుకోరు. ఊపిరి తియ్యి. ఊ, ఒగ్గు." ముడి వేసి, గుడ్డ కింద రెండు వేళ్లు దూర్చి చూసింది. రెండు వేళ్లు పడితే సరైన బిగువట. నేను ఏడ్చాను. నొప్పికి మాత్రం కాదు.

అప్పటికప్పుడు రిక్షా పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది. మళ్లీ తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు. ఇంకో రోజు ఆగితే చీముపట్టేదని, కాగితం ఇచ్చాం కదా అని డాక్టరుగారు కోప్పడ్డారు. మర్నాడు మంచం పక్కన కూర్చుని అత్త అడిగింది.

"ఆ కాయితం ఎవుడిసేత సదివించేవు?"

"ఎవుడిసేతా లేదు. సదివితే తెలిసిపోద్దని."

అత్త నా దుప్పటి సర్దింది. తర్వాత అంది: "నాకూ సదువు రాదు. కానీ నాకు సిగ్గు లేదురా. దారినపోయే పోలీసోడినైనా ఆపి సదివించుకుంటాను. నీకు సదువూ లేదు, సిగ్గు సూత్తే బస్తాడు. ఆ రెండూ ఒక్కడికే ఉంటే ఆడు బతకడు. ఏదో ఒకటి బాగుసేసుకో."

నన్ను అంత సూటిగా ఎవరూ తిట్టలేదు, అంత మేలూ ఎవరూ చేయలేదు.

ఆ తర్వాత ఆరు వారాలు ప్రతి ఉదయం ఆవిడ ఇంటికి వెళ్లి కట్టు మార్పించుకునేవాణ్ని. తలుపు వేసే కట్టేది. మంత్రసాని ఇంటికి రోజూ మగాడు వెళితే వీధి ఊరుకుంటుందా? ఎదురింటి రమణమ్మ ఒకరోజు గుమ్మంలోనే అత్తని ఆపింది.

"ఏటత్తా, నీకు కొత్త బాలింత తగిలేడేటి? ఏటి కట్టు అది?"

"నీ పురిట్లో నువ్వు ఎవుల్ని ఎన్ని బూతులు తిట్టేవో మీ అత్తకి సెప్పేనేటే?"

"లేదు."

"మరైతే ఇదీ సెప్పను. ఎల్లు, పొయ్యి మీద కూర మాడతంది."

రమణమ్మ మళ్లీ అడగలేదు. ఎవరూ అడగలేదు.

కట్టు తీసేశాక సాక్చి బజారుకి వెళ్లి ఒక పలక, హిందీ మొదటి వాచకం అడిగాను. మీ పిల్లాడు ఏ క్లాసని కొట్టువాడు అడిగాడు. నాకే అన్నాను. అతను పుస్తకం కట్టి ఇచ్చాడు, అంతే. వీధి చివర ఉండే రిటైరైన మాస్టారి దగ్గర ఏడాది కూర్చున్నాను. కూడబలుక్కుని చదివిన మొదటి కాగితం ఆ ట్రంకుపెట్టెలోదే. చేతులు భుజాల కన్నా పైకి ఎత్తరాదని మొదటి వరసలోనే ఉంది. తెలుగు ఆ తర్వాత నేర్చుకున్నాను. వచ్చిన ఎండాకాలంలో కార్ఖానాలో చొక్కా విప్పాను. ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు. అంతకంటే పెద్ద సన్మానం నాకు ఇంతవరకూ జరగలేదు.

అత్త పోయి చాలా కాలమైంది. ఎంతమంది గుట్టు ఆవిడతో పోయిందో లెక్కలేదు. పెళ్లయ్యాక నా భార్యకి సంగతంతా నేనే చెప్పాను. అత్త ఆమెకి కూడా చెప్పలేదు మరి.

ఇప్పుడు నెలకోసారి బీపీ మాత్రలకి ఆస్పత్రికి వెళ్తాను. వరుసలో మావైపు మనుషులు కనబడతారు. చదువురానివాణ్ని కాగితం పట్టుకునే తీరులోనే పోల్చుకోగలను. పోయిన నెల నలభై ఏళ్లవాడొకడు నాలుగు మడతలు పెట్టిన కాగితం అందించి, అటూ ఇటూ చూసి, "బాబూ, గట్టిగా సదవొద్దు" అన్నాడు. మెట్ల పక్కకి తీసుకెళ్లి చెవి దగ్గర రెండుసార్లు చదివాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అప్పజెప్పించుకున్నాను. వెళ్లబోతూ ఆగి, భయంభయంగా అడిగాడు.

"ఈ కాయితం సంగతి ఎవులికీ..."

"ఏ కాయితం?" అన్నాను.