జానన్నర కార్డు: పుంగ్గోల్ నుంచి యూ టీ దాకా

శనివారం పొద్దున పదిన్నరకు సింగపూర్‌లో మా ఇంటి దగ్గరి పుంగ్గోల్ స్టేషన్లో రైలెక్కాం. మేమంటే నేను, మా ఆవిడ వాసంతి, మా కూరగాయల ట్రాలీ. సాయంత్రానికి ఆ ట్రాలీలో ఒక కంప్యూటరు ముక్కలు ముక్కలుగా ఇంటికి రావాలి, ఆ ముక్కల్ని నేను నా చేతులతో బిగించాలి. ఇదీ పథకం. ఇంతకు ముందు ఈ చేతులు బిగించినవి ఒక టేబుల్ ఫ్యాను, ఒక పుస్తకాల అర. ఫ్యాను తిరుగుతోంది. అర కూడా కొద్దిగా తిరిగింది, గోడ వైపుకి.

ప్రయాణానికి కారణం వాసంతి. కర్నూల్లో ఉన్నప్పుడు ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసేది. సింగపూర్ వచ్చాక పిల్లలు, వాళ్ల బడులు, ఆ గీతలు అక్కడే ఆగిపోయాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో గదులు కట్టడం నేర్చుకుంది. గోడలు, కిటికీలు, సోఫా మీద పడే ఎండతో సహా కట్టి, మనమే తలుపు తీసుకుని లోపలికి నడుస్తున్నట్టు వీడియో చేస్తుంది. ఫ్లాట్ల లోపలి పనులు చేసే ఒక చిన్న కంపెనీ వాళ్లు ఆమెకు పరీక్ష పెట్టారు. ఒక ఫ్లాటు వీడియో సోమవారం పొద్దున్నకల్లా పంపాలి. నచ్చితే ఉద్యోగం. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ సంగతేమో, దాన్ని ఒక గోడ తిప్పమని చెప్పి, టీ పెట్టుకుని, తాగి, గిన్నె తోమి రావచ్చు. గురువారం నుంచి అది గోడ తిప్పడం మానేసి మొహం తిప్పుకుంది.

కొత్త యంత్రం వస్తే సాయంత్రాలు అందులో నేను కార్ల పందేలు ఆడుకోవచ్చా అని మెల్లగా అడిగాను. "ముందు నా గోడలు నిలబడనీండి, తర్వాత మీ కార్లు వచ్చి గుద్దుకోవచ్చు" అంది.

పదకొండు దాటుతుండగా లిటిల్ ఇండియాలో దిగి, రోచోర్ వైపు నడిచాం. అక్కడ అంతస్తు మీద అంతస్తు కంప్యూటర్ దుకాణాలే ఉన్న మాల్ ఒకటుంది. వెళ్లేవాళ్లు మరీ పొద్దున్నే పోకండి, షట్టర్లు లేచేసరికి పదకొండవుతుంది. ఎస్కలేటరు ఎక్కేకొద్దీ నా నోరు తెరుచుకుంటూ పోయింది. నేను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తాను. పొద్దస్తమానం కంప్యూటర్ ముందే బతుకు. కానీ దాని లోపల ఏముందో ఏనాడూ చూసినవాణ్ని కాదు. ఒక దుకాణంలో గాజు వెనక మదర్‌బోర్డు ఒకటి వేలాడదీశారు. విమానం దిగబోయే ముందు కిటికీలోంచి కనిపించే సింగపూరే అది. వరసగా బ్లాకులు, మధ్యలో సన్నటి బంగారు రోడ్లు, ఒక అంచున ఓడరేవుల్లాగా బారులు తీరిన సాకెట్లు. ఎక్కడా అంగుళం ఖాళీ లేదు, ఎక్కడా తొక్కిసలాటా లేదు. ఇంత ఊరును అంత పలక మీద ఎవరు పరిచారో అని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. వాసంతి ట్రాలీతో మడమ మీద పొడిస్తే కదిలాను.

లోపలున్న చైనీస్ అంకుల్ మమ్మల్ని చూడగానే, మొదటిసారా అని అడిగాడు. అవునన్నాను. గేమింగుకా, పనికా అన్నాడు. నేను గేమింగ్ అన్న క్షణంలోనే వాసంతి పని అంది. అంకుల్ నవ్వి ఆమె వైపు తిరిగాడు. ఆ తర్వాత మళ్లీ నన్నేమీ అడగలేదు.

ప్రాసెసర్ చేతిలో పెట్టాడు. ఉప్పు బిస్కట్టంత ఉంది. ఇందులో కోట్లకు కోట్లు స్విచ్చులుంటాయట. మా ఇంట్లో హాల్లో ఉన్న ఆరు స్విచ్చుల్లో ఏది ఏ లైటుదో ఇప్పటికీ నాకు తెలీదు. దాన్ని రెండు చేతుల్తో ప్రసాదంలా పట్టుకున్నాను. ర్యామ్ దగ్గరకొచ్చేసరికి రంగురంగుల దీపాలు వెలిగే రకం వైపు నా మనసు పోయింది. అదే డబ్బుకు దీపాల్లేనిది ఎక్కువ వస్తుందని అంకుల్ చెప్పగానే వాసంతి దాన్నే తీసింది. రామ రామ అనుకుంటూ ఊరుకున్నాను. అన్నీ కలిపి తనే బిగించి ఇస్తాననీ, మాకు సులువనీ అన్నాడు అంకుల్. వద్దు, నేనే బిగించుకుంటానన్నాను. ఆయన నా చేతుల వంక చూసి "కెన్, కెన్" అన్నాడు, అవుతుందిలే అని, నమ్మకం లేకుండా.

చివరగా కేసింగ్, అంటే వీటన్నిటికీ ఇల్లు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. తెర మీద బొమ్మల్ని కదిలించే గ్రాఫిక్స్ కార్డు మాత్రం మేం కొత్తది కొనడం లేదు. వాసంతి పనికి సరిపోయే కార్డు కొత్తది కొంటే మిగతా కంప్యూటరు కొనక్కర్లేదు, ఎందుకంటే కొనలేం. అందుకని ఊరికి వాయవ్య కొసనున్న యూ టీలో ఒకాయన వాడినది అమ్ముతున్నాడని ఇంటర్నెట్లో చూసి, ముందురోజు ఫోన్ చేశాను. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను, ఆయనా ఇంగ్లీషులోనే. రెండో వాక్యంలో ఆయన "ఆఁ, సమజైంది" అన్నాడు. ఇంకేముంది! ఆయన పేరు ఖలీల్, హైదరాబాదు. కర్నూలు అనగానే ఆయనకు అక్కడి చుట్టాలందరూ గుర్తొచ్చారు. ఆ ఆనందంలో కార్డు పొడవెంత అని అడిగితే, జానన్నర ఉంటుందన్నాడు. సరే అన్నాను. మా ఇంట్లో ఏది కొలిచినా జానలే కదా, పరదాల దగ్గర్నుంచి పరుపుల దాకా. నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

ఇప్పుడు దుకాణంలో, ప్రదర్శనకు పెట్టిన కేసింగ్‌లో చేయి పెట్టి కొలిచాను. ఒక జాన, మళ్లీ అర. ఇంకా ఒక వేలు ఖాళీ మిగిలింది. మా బల్ల కింద పట్టేది కూడా అదొక్కటే. సీలు విప్పాక వెనక్కి తీసుకోబోమని రాసిన బోర్డును అంకుల్ వేలితో చూపించాడు. తలూపి కొనేశాం.

ఒంటిగంటకు ఫుడ్ సెంటర్లో దోసె తిన్నాం. టేబుల్ పట్టడానికి అందరిలాగే టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లాం కానీ, ట్రాలీని మాత్రం దోసెల క్యూలోకి కూడా వెంట తీసుకెళ్లాను. తర్వాత న్యూటన్‌లో రైలు మారి, ఉత్తరం వైపు లైను పట్టుకున్నాం. యూ టీ దగ్గరేం కాదు, ద్వీపమంతా చుట్టినట్టే ఉంటుంది. టికెట్టు మాత్రం రెండు డాలర్ల చిల్లరతో అయిపోతుంది. ఎదురు సీట్లో మా ట్రాలీలాంటిదే పట్టుకున్న ఒక ఆంటీ, ఏం కొన్నామని అడిగింది. కంప్యూటర్ అన్నాను. "కెన్ కుక్ ఆ?" అని ఆమె ఎంతో శ్రద్ధగా అడిగితే, వంటిళ్లయితే కడుతుందని వాసంతి చెప్పింది.

మూడింటికి యూ టీ. వాడిన వస్తువులు కొనడం ఇక్కడ ఒక పద్ధతిగా సాగుతుంది. అమ్మేవాళ్లు స్టేషను గేటుకు అవతల నిలబడతారు, కొనేవాళ్లు లోపలే ఉంటారు. కంచె మీదుగా వస్తువు ఇటు, డబ్బు అటు. బయటికి రానక్కర్లేదు, టికెట్టు మిగులుతుంది. కాఫీ మిషన్లు, బేబీ కుర్చీలు, అన్నీ ఆ కంచెలు దాటినవే. ఖలీల్ భాయ్ అవతల నిలబడి ఉన్నాడు. ఆరడుగుల పైన మనిషి. కంచె మీదుగా చేయి చాపాడు. నా చేయి అందులో కనిపించకుండా పోయింది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. ఇతరుల తప్పులు పట్టుకోవడమే నా జీతం మరి.

ఆయన మాత్రం కార్డు ఇవ్వలేదు. ట్రాలీలో పెట్టెలు చూసి, "గిట్ల కంచె మీదికెల్లి ఇస్త, మీరు తీస్కపోతరు. ఇంటికి పోయినంక నడవకుంటే? ఖలీల్ మోసం చేసిండంటరు. ఇంటికి రాండ్రి అన్నా, అన్నీ బిగించి, నడిపిచ్చి చూస్కోని తీస్కపోండ్రి" అన్నాడు. ముక్కూ మొహం తెలియని మనుషులం. వాసంతి నాకంటే ముందే తన రైలు కార్డు తట్టి గేటు దాటేసింది.

వాళ్ల ఫ్లాటు స్టేషను పక్కనే. ఖలీల్ భార్య షాహీన్ చాయ్ ఇచ్చి, భోజనాల బల్ల మొత్తం ఖాళీ చేసి పెట్టింది. ఖలీల్ కూడా భవనాల బొమ్మలు చేసే పనివాడే. పెద్ద కార్డు కొన్నాడు కాబట్టి పాతది అమ్ముతున్నాడు. ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నాడే తప్ప స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు, ఇది నా పెళ్లి అన్నట్టు. ప్రాసెసర్ మీద కొక్కెం నొక్కితే అప్పడం విరిగినట్టు చప్పుడైంది, నా ప్రాణం పోయింది. అది అలాగే అవుతుందట. ర్యామ్, ఫ్యాను, పవర్ సప్లై, ఒక్కొక్కటీ తన చోట్లో టక్కుమని కూర్చుంటుంటే నాకు వింతగా ఉంది. ఎక్కడెక్కడో, ఎవరెవరో చేసిన ముక్కలు, ఒకదాన్నొకటి ఎప్పుడూ చూడనివి, ఇక్కడ కలుసుకుని వెంట్రుకంత తేడా లేకుండా అతుక్కుంటున్నాయి.

నాలుగున్నరకు కార్డు వంతు. పట్టలేదు. కేసింగ్ ముందు భాగంలో ఒక ఇనుప పెట్టె ఉంది, కార్డు కొస దానికి తగిలి రెండు వేళ్లు బయటే ఆగిపోయింది. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఖలీల్ తన అరచెయ్యి కార్డు మీద పరిచాడు. సరిగ్గా జానన్నర. నేను నాది పరిచాను. దాదాపు రెండు జానలు వచ్చింది.

"ఫోన్ల సెంటీమీటర్లు చెప్పుకోకుంట జానలు చెప్పుకున్నరా?" అంది షాహీన్ వంటింటి గుమ్మంలోంచి. "ఇద్దరు కంప్యూటరోళ్లు!"

ఖలీల్ మొహం వాడిపోయింది. మొహమాటం వద్దు, కార్డు వద్దంటే వద్దనండి అన్నాడు. కేసింగ్ వెనక్కి తీసుకోరు. చిన్న కార్డు వెతుక్కుంటే వాసంతి కట్టిన ఫ్లాటు అందులో సగం కూడా పట్టదు. ఇంకో కేసింగ్ కొన్నా మా బల్ల కింద చోటు లేదు. సోమవారం తోసుకొస్తోంది. నేను వాసంతి వైపు చూడలేకపోయాను. పదిహేనేళ్ల తర్వాత ఆమెకొక తలుపు తెరుచుకుంటుంటే, నా చేతివేళ్లు పొట్టిగా ఉన్నందుకు మూసుకుపోతోంది.

వాసంతి కుర్చీ వెనక్కి జరిపింది. లేచి వచ్చి, ఫోన్ టార్చి వేసుకుని ఆ డబ్బాలోకి వంగింది. కొత్త ఫ్లాటు తాళం తీసి, ఇంకా సామాను చేరని గదిని చూసినట్టు చూసింది. ఆ ఇనుప పెట్టెను వేలి ముడితో రెండుసార్లు తట్టింది.

"ఈ గోడ ఏం మోస్తోంది?" అని అడిగింది.

అది పాతకాలపు హార్డ్ డిస్కులు పెట్టే చోటని, మీరు కొన్నది బోర్డు మీదే కూర్చునే చిన్న రకం కదా అని ఖలీల్ నెమ్మదిగా అన్నాడు.

"అయితే ఇది మోసే గోడ కాదు, అడ్డు గోడ. తీసేయొచ్చు."

ఇక్కడి ఫ్లాట్లలో కొన్ని గోడలు అనుమతి తీసుకుని పడగొట్టొచ్చు, కొన్నిటిని ముట్టుకోకూడదు. ఏది ఏదో పసిగట్టడమే ఆమె నెలల తరబడి చేస్తున్న సాధన. డబ్బాను పడుకోబెట్టి అడుగున చూస్తే నాలుగు మరలున్నాయి. విప్పితే పెట్టె ఊడి చేతిలోకి వచ్చింది. కార్డు లోపలికి జారింది. ముందు నా పిడికిలి పట్టేంత చోటు మిగిలింది. నా పిడికిలే అనుకోండి.

ఖలీల్ తన మానిటరు, కీబోర్డు తెచ్చి తగిలించాక మీట నొక్కాను. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాను. వెనకున్న స్విచ్ వేశారా అని షాహీన్ అడిగింది. వేయలేదు. వేశాను. ఫ్యాన్లు ఊపిరి తీసుకున్నట్టు తిరిగాయి, తెర వెలిగింది. నేను బిగించింది నడుస్తోంది! దాన్ని ముట్టుకోవడానికి కూడా భయమేసింది.

గదులు కట్టే సాఫ్ట్‌వేర్ ఉన్న తన డిస్కు ఒకటి ఖలీల్ తగిలించాడు. వాసంతి సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. ఫ్లాటు తెరుచుకుంది. ఆమె చేయి కదిలితే గది కదిలింది, ఆగితే ఆగింది. తలుపు దాటింది, హాల్లో నేల మీద పడిన ఎండలోంచి నడిచింది. ఖలీల్, మా ఇల్లు కూడా ఇట్లా చేసి చూపించు చెల్లెమ్మా అంటున్నాడు. ఆమె వినడం లేదు. హాలు దాటి వంటింట్లోకి మలుపు తిరిగింది. ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఆమెను ఆ మలుపు తిరగనివ్వలేదు. లెక్కలు వేసి, ఊహించుకుని, కళ్లు మూసుకుని కట్టిన వంటింటిని తను మొదటిసారి చూస్తోంది.

ఆరున్నరకు బయలుదేరాం. బిగించిన డబ్బా ట్రాలీలో పట్టదు కాబట్టి షాహీన్ ఇచ్చిన పాత దుప్పటిలో చుట్టి ఎత్తుకున్నాను. రైల్లో ఒకాయన లేచి సీటిచ్చాడు, లోపల పసిబిడ్డ ఉందనుకున్నాడేమో. వాసంతి కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుంది. బిషాన్‌లో ఒకసారి, సెరంగూన్‌లో ఒకసారి మారాం. లిఫ్టులన్నీ పనిచేస్తున్నాయి. ఇలాంటి బరువుతో వచ్చేవాళ్లు మెట్ల వైపు చూడనక్కర్లేదు.

పుంగ్గోల్‌లో ఎల్ఆర్‌టీ ఎక్కేసరికి దీపాలు పెట్టారు. ఆ చిన్న రైలు బ్లాకుల మధ్యనుంచి, ఇళ్ల కిటికీల పక్కగా పోతుంది. సోమవారానికి అవుతుందా అని అడిగాను.

"వంటింట్లో లైటు తప్పు చోట పెట్టాను. ఇవాళ కనిపించింది. రేపు జరపాలి" అంది వాసంతి. పక్కగా దాటుతున్న ఒక ఇంటి కిటికీ వైపు చూపించింది. "చూడండి, వీళ్లూ అంతే. లైటు వీపు వెనక ఉంటే వండే మనిషి నీడ గిన్నె మీదే పడుతుంది."

చూశాను. ఇన్నేళ్లుగా ఈ రైల్లో తిరుగుతున్నా నాకు కనిపించినవి బ్లాకులు, నంబర్లు, ఆరేసిన బట్టలు. ఆ సాయంత్రం వంటిళ్లు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి, ఆకాశం దాకా. ప్రతి దాంట్లో ఎవరో ఒకరు తమ నీడలోనే కూర కలుపుతున్నారు. కంప్యూటర్‌ను రెండు చేతుల్తో పట్టుకుని, నా పక్కనున్న మనిషి ఒక్కో కిటికీ దాటుతుంటే వాళ్ల దీపాన్ని మనసులో ఇంత జరిపి పెడుతోంది.