సామాను దగ్గర మా అక్క

పోయిన వారం మా తమ్ముడి మనవరాలు పాత ఫోటోలు ముందేసుకుని కూర్చుంది. రామేశ్వరం, మద్రాసు, తిరుపతి. అందులో ఎవరెవరో చెబుతూ, ఈ ప్రయాణాలన్నిటికీ మా అక్క కూడా వచ్చిందన్నాను. ఆ పిల్ల ఒక్కొక్క ఫోటోలో వెతికి, "అయితే ఫోటో తీసింది ఆమేనా అవ్వా?" అంది. తెలివైన పిల్లే. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఆ పిల్ల మీద కాదు.

ఫోటోలు తీసింది ఆయా ఊళ్ళ ఫోటోగ్రాఫర్లు. అక్క సామాను దగ్గర ఉంది.

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో అక్కకు పెళ్ళయింది. ఏడాది తిరక్కుండానే మొగుడు విషజ్వరంతో పోయాడు. ఉదయగిరిలో మా ఇంటికే తిరిగొచ్చింది. మా నాయనకు ప్రయాణాల పిచ్చి. ఏటా కోతలయ్యాక మమ్మల్ని ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు బస్సులో, అక్కణ్ణించి రైల్లో ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోయేవాడు. పోయిన ప్రతిచోటా ఫోటో తీయించాలి. దానికి ఫ్రేము కట్టించి, నిద్ర లేవగానే కనబడేట్టు పడకింటి గుమ్మానికెదురుగా నడవలో తగిలించాలి. పొద్దున్నే చూసే ఫోటోలో విధవ ముఖం ఉండకూడదని ఆయన నియమం. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి పొయ్యి అంటించి, ఆయన చేతికి కాఫీ గ్లాసు ఇచ్చేది అక్కే. ఆ ముఖం ఆయనకు అడ్డం రాలేదు.

అన్నిటికన్నా నాకు చూడబుద్ధి కానిది మద్రాసు ఫోటో. అక్కడి స్టూడియోలో అట్టతో చేసి రంగులేసిన విమానం ఉండేది. దాని వెనక కూర్చుంటే ఫోటోలో విమానం ఎక్కినట్టే పడతాం. నాయన, అమ్మ, తమ్ముడు, నేను కూర్చున్నాం. అక్క గుమ్మం దగ్గర ట్రంకుపెట్టె పక్కన నిలబడి ఆ విమానాన్నే చూస్తోంది. ఫోటోగ్రాఫరుకు సంగతి తెలియక, "ఆ అమ్మాయిని కూడా రమ్మనండి, చోటుంది," అన్నాడు. అక్క ఒక అడుగు ముందుకు వేసింది కూడా.

"దానికెందుకులే. సామాను దగ్గర ఒకరుండాల గదా," అన్నాడు నాయన.

అక్క మళ్ళీ పెట్టె పక్కకు పోయింది. ఫోటోలో మేమంతా నవ్వుతూనే ఉన్నాం.

తర్వాత రెండేళ్ళకనుకుంటాను, మా మేనమామ ఆత్మకూరు నుంచి అక్కకు ఒక సంబంధం తెచ్చాడు. అక్కడి బడిలో అయ్యవారు. భార్య పోయింది, పిల్లల్లేరు. వితంతువునైనా చేసుకుంటానన్నాడట, ముందు ఒక్క ఫోటో చూపించమన్నాడట. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి అక్క కాలు ఒకచోట నిలవలేదు. "ఆయన ఒప్పుకుంటే నేను పోతానే," అని వంటింట్లో నా చెయ్యి పట్టుకుని చెప్పింది. తనకు ఫలానాది కావాలని అక్క అనగా నేను అప్పుడే విన్నాను.

మామ నడవలో కూర్చుని గోడవైపు చూశాడు. "ఇన్ని ఫోటోలుండాయి గదా బావా, ఒకదాంట్లోనన్నా పాప లేదా?"

"లేదు," అన్నాడు నాయన.

"ఆత్మకూరులో తీయిస్తే పోలా? ఎంతసేపు పని?"

"ముండమోసినదాన్ని ముస్తాబు చేసి స్టూడియోకి తీసకపొమ్మంటావా? ఊళ్ళో తలెత్తుకోని తిరగొద్దా నేను? ఫోటో లేదని చెప్పెయ్, పోతుంది."

అమ్మ తల వంచుకుని వక్కలు కత్తిరిస్తోంది.

మామ లేచాడు. అప్పుడు అక్క వంటింట్లోంచి నడవలోకి వచ్చింది. మగవాళ్ళు మాట్లాడుకునే చోటికి ఆమె అట్లా రావడం అదే మొదలు. చేతులకు పిండి అట్లాగే ఉంది.

"ఫోటో ఎందుకు మామా? నన్నే తీసకపో. మధ్యాన్నం బస్సు ఇంకా పోలేదు. నన్నే చూస్తాడు. నచ్చకపోతే తిరిగొస్తాను."

మామ అక్క ముఖం చూశాడు, తర్వాత నాయన ముఖం చూశాడు. కండువా దులిపి భుజాన వేసుకుని, పోయి ఒక్కడే బస్సెక్కాడు. నాయన సంగతి సరే, ఆయన మొదటి నుంచీ అంతే. మంచివాడని ఊరంతా పేరు తెచ్చుకున్న ఆ మామను మాత్రం నేను ఈనాటికీ క్షమించలేదు.