బొమ్మలు మూసిన రోజు

మా పెద్దమ్మ సెపోరా పాస్టరుగారి బడిలో ముప్పై రెండేళ్ళు అక్షరాలు నేర్పింది. జీతం లేదు. పండగకి ఓ కోడి, నాలుగు చేపలు, ఊరంతా "టీచరమ్మా" అనే పిలుపు. ఆ పిలుపంటే ఆవిడకి ప్రాణం. సొంత చెల్లెలై ఉండీ మా అమ్మ కూడా టీచరమ్మా అనే పిలిచేది.

చర్చి పక్క చావడిలో అక్షరాల పటం ఉండేది. ప్రతి అక్షరం పక్కనా ఓ బొమ్మ. పెద్దమ్మ కొబ్బరి ఈనెతో ఒక్కోటీ చూపిస్తుంటే చాపల మీద కూర్చుని చూరు ఎగిరిపోయేలా అరిచేవాళ్ళం. అందరికంటే గట్టిగా లూపె. ఏడేళ్ళది. పుల్ల కదలకముందే తర్వాతి అక్షరం అనేసేది. దాని పక్కన కూర్చుని నేను ఆ గొంతు వెంటే పోయేదాన్ని.

ఆ ఏడు రాజధాని అపియా నుంచి ఓ చిన్న టీచరు వచ్చి, బొమ్మలు మూసేసి అక్షరాల శబ్దాలు కలిపి పలికించమని చెప్పి వెళ్ళింది. పెద్దమ్మ మూతి విరిచింది. అయినా పౌరుషంకొద్దీ మర్నాడే బొమ్మల మీద అట్టముక్కలు అంటించి, పటం మధ్యలో పుల్ల పెట్టింది.

"ఏమే లూపె, ఇదేంటి?"

"మొదట్నించీ చెప్పమంటారా టీచరమ్మా?"

"మొదట్నించీ కాదు. ఇదొక్కటే."

లూపె మూసిన అట్టముక్క వైపు చూసింది. పెద్దమ్మ ఇంకోటి చూపించింది, ఇంకోటి. ఒక్కటీ రాలేదు. నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను.

తెల్లాదివారం పండగకి ఇంక మూడు వారాలే ఉంది. ఆ రోజు పిల్లలంతా తెల్లబట్టల్లో ఊరి ముందు బైబిలు వాక్యాలు చదవాలి. అందరికంటే పొడుగాటి భాగం, పద్దెనిమిది వాక్యాలు, లూపెకే ఇచ్చారు. పెద్దమ్మ అట్టముక్కలు పీకేసింది. "పండగ కానీవే, తర్వాత నేర్పుతా" అని, నోటితో చెప్పి బట్టీ పట్టించింది. ఆదివారం లూపె పరిశుద్ధ గ్రంథం తెరిచి ఎక్కడా తడబడకుండా 'చదివింది'. పక్క ఊరివాళ్ళు కూడా టీచరమ్మని మెచ్చుకున్నారు.

ఆ 'తర్వాత' అన్నది ఎప్పటికీ రాలేదు. కొత్త పిల్లలొచ్చారు, లూపె పై తరగతికి పోయింది, పన్నెండేళ్ళకి బడి మానేసింది. నేను మాత్రం బడిలోనే ఉండి చదవడం నేర్చుకున్నాను. పెద్దయ్యాక ఆస్పత్రిలో చీటీలు రాసే పని ఇస్తామంటే వద్దంది. ఎంత పొగరో అన్నారు ఊళ్ళో. దానికి చదవడం రాదని తెలిసి కూడా నేను నోరు విప్పలేదు.

నిరుడు పెద్దమ్మకి చూపు పూర్తిగా పోయింది. ఓ ఆదివారం లూపె కోకో కాచి తెచ్చింది. పై తరగతుల్లో ఎవరో నేర్పే ఉంటారనుకుందో ఏమో, పెద్దమ్మ గ్రంథం దాని చేతిలో పెట్టి, "చివరి అధ్యాయం చదువు తల్లీ" అంది.

లూపె పేజీలు తిప్పింది. మొదలుపెట్టింది. ఆ పద్దెనిమిది వాక్యాలే. అదే రాగం, ఊపిరి తీసుకునే చోటు కూడా అదే.

పెద్దమ్మ మధ్యలోనే ఆపింది. "నాకెందుకు చెప్పలేదే?"

"మీకు తెలుసు కదా టీచరమ్మా. తర్వాత నేర్పుతానన్నారు. నేను ఎదురుచూస్తూనే ఉన్నా."

పెద్దమ్మ గట్టిగా ఏడ్చింది. "నా పేరు కోసం నీ చదువు మింగేశానే" అంది. నాకూ మనసు ఆగలేదు.

"నేను నేర్పుతాలేవే" అన్నాను.

"నువ్వా? నువ్వు నవ్వావుగా" అంది లూపె.

ఇక పెద్దమ్మ వినలేదు. మా ఇద్దర్నీ పట్టుకుని చావడికి నడిచింది, ఈనె తెప్పించుకుంది. పాత పటం ఇంకా అక్కడే ఉంది. చేత్తో అంచులు తడుముకుని, పుల్ల ఎత్తి పటం మధ్యలో పెట్టింది. అది రెండు అక్షరాల మధ్య ఖాళీలో ఆగింది.

"ఇదేంటే లూపె?"

లూపె పుల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. ఈసారి నేను నవ్వలేదు.

"మొదట్నించీ చెప్పమంటారా టీచరమ్మా?" అంది మెల్లిగా.

పెద్దమ్మ పుల్ల దించేసింది.

"చెప్పు తల్లీ. మొదట్నించే చెప్పు."