తమ్ముడికి అన్నం కలిపే చెయ్యి

మా తమ్ముడికి నలభై ఏడేళ్లు. అన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెడితే తప్ప తినడు. అదీ నిన్నమొన్నటిదాకా అమ్మ కలిపితేనే. పప్పులో నెయ్యి వేసి, మెతుకు మెతుక్కీ పట్టేలా మెదిపి, ఒక్కో ముద్దా వాడి అరచేతిలో పెట్టాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, కుక్కర్ కూత వెయ్యకూడదు. రాజావారి భోజనానికి కూడా ఇంత తతంగం ఉండదని నేను విసుక్కుంటే, "వాడు నాకు రాజే లేవే" అనేది అమ్మ.

వాడిది ఆటిజం అని ముప్పై దాటాక విజయవాడలో ఒక డాక్టరుగారు చెప్పారు. అప్పటిదాకా చుట్టాలు తలో పేరూ పెట్టారు, తలో వైద్యమూ చెప్పారు. దివిసీమలో ఉండే మా మేనత్త, పాలకాయతిప్పలో సముద్రస్నానం చేయిస్తే వాడికి మాటలొస్తాయని పట్టుబట్టింది. తీసుకెళ్లాం. వాడు అలల హోరుకి చెవులు మూసుకుని ఇసకలో కూలబడి ఒకటే ఏడుపు. ఒడ్డున జనమంతా గుమిగూడి చూశారు. తిరుగుబస్సులో అమ్మ, "ఇక వీణ్ణి ఎవరి ముందూ పెట్టను" అంది.

అన్నట్టే చేసింది. గుడివాడలో ఆ రెండు గదుల ఇంట్లో వాడి స్నానం, గడ్డం, బట్టలు, అన్నం, అన్నీ తనే. నాన్న ఉన్నన్నాళ్లూ నాన్నని కూడా దగ్గరికి రానివ్వలేదు. ఎవరికీ బరువు కాకూడదని ఆవిడ పంతం. దాంతో వాడికి ఒక్క మనిషే అలవాటైంది.

పోయిన వేసవిలో అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అన్నారు. తమ్ముణ్ణి మచిలీపట్నంలో మా ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వాడు అన్నం ముట్టలేదు. పాలు, బిస్కెట్లు, ఎప్పుడైనా ఓ అరటిపండు. నేను ముద్ద పెట్టబోతే గోడవైపు తిరిగి ఊగుతూ కూర్చునేవాడు. నెయ్యి ఇంకాస్త వేశాను. చివరికి అమ్మ చీర కూడా కట్టుకున్నాను. ఏం చెప్పను నా అవస్థ! ఆ వేషం చూసి మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. తమ్ముడు చీర వంక చూడనే లేదు. నా వేళ్ల వంక చూసి లేచి వెళ్లిపోయాడు. వాడి ప్యాంటు నడుం దగ్గర జారిపోతోంది. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి.

"తినరా బాబూ, నీకు దణ్ణం పెడతా."

"నీకు దణ్ణం పెడతా" అన్నాడు వాడు. వాడి మాటలెప్పుడూ అంతే, మన మాట మనకే తిరిగిస్తాడు.

అమ్మని డిశ్చార్జి చేశాక ఆవిడనీ మా ఇంటికే తీసుకొచ్చాం. మంచం మీద కూర్చోబెట్టి కంచం ఒళ్లో పెట్టగానే వాడు పరుగున వచ్చి చెయ్యి చాపాడు. హమ్మయ్య అనుకుని నేను వంటింట్లో నేలమీద చతికిలబడ్డాను. 

అమ్మ గుండె బలహీనంగా ఉందని డాక్టరు నాతో ఆస్పత్రి గది గుమ్మం బయట చెప్పిన మాట అమ్మకి వినబడిందట. అప్పుడు ఆ సంగతి నాకు తెలీదు. ఓ రోజు అడిగింది, "నేను లేకపోతే వీడు తింటాడంటావా?" అని. తింటాడని అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే వాడు అమ్మ పెట్టిన ముద్ద ఉమ్మేశాడు. "వయసైపోయిందే, ఉప్పెక్కువ వేశానేమో. నువ్వు కలుపు" అంది అమ్మ. నేను కలిపాను. వాడు ముట్టుకోలేదు. మర్నాడూ అంతే. అమ్మది ఉమ్మేస్తాడు, నాది వద్దంటాడు. పాలు తాగి మూల కూర్చుంటాడు. అనుమానం వచ్చి అమ్మ కంచంలో మిగిలిన మెతుకులు నోట్లో వేసుకున్నాను. చేదు! తలగడ కింద చూస్తే చిన్న సీసాలో మెంతిపిండి దొరికింది. నోరు అరుచిగా ఉందని మా ఆయన్ని అడిగి తెప్పించుకుందట. ఆ మహానుభావుడు ఆవకాయకి పట్టించినదాంట్లోంచి భక్తిగా తీసి ఇచ్చారు.

"నీకు మతిగానీ పోయిందా అమ్మా? వాడు పస్తులుంటున్నాడు!"

"పిల్లలకి పాలు మాన్పించడానికి ఏం చేస్తామే? వేపాకు నూరి రాసుకోమూ? నీకూ అలాగే మాన్పించా. వీడికి మాత్రం రాయలేకపోయా, ఏడుస్తాడని. ఇప్పుడు రాస్తున్నా."

"ఇప్పుడా?"

"నేనుండగానే అవ్వాలి. నేను పోయాక అంటే వాడికి రెండు దుఃఖాలు. ఇప్పుడైతే ఒక్కటే."

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను ఒక్క మాట అడిగిందా? నాకూ యాభై దాటాయి. మోకాళ్లు నొప్పులు, బీపీ మాత్రలు. "నీ తర్వాత నేను, సరే. నా తర్వాత ఎవరమ్మా?" అని అరిచేశాను. అమ్మ, "అందుకే నాలా నువ్వొక్కదానివే చేసుకోకు. అల్లుడుగారిచేత కూడా కలిపించు" అంది.

సీసా తీసి పారెయ్యాలనుకున్నాను. పారెయ్యలేదు. మళ్లీ తలగడ కిందే పెట్టాను.

ఓ మధ్యాహ్నం వాడు అమ్మ ముద్ద ఉమ్మేసి, నా దగ్గరికొచ్చి, నా చెయ్యి వాసన చూశాడు. అరచెయ్యి చాపాడు. తలెత్తి చూస్తే ఎక్కడ వెళ్లిపోతాడోనని నేను కంచంలోకే చూస్తూ పెట్టాను. తిన్నాడు. అంతా తిన్నాడు. సంతోషించాల్సిందే కదా, నాకు మాత్రం తలుపు గడియ పడినట్టనిపించింది. ఇక ఏ ఊరికి వెళ్లినా అన్నం వేళకి ఇంట్లో ఉండాలి.

అందుకే ఆ వారంలోనే మా ఆయన్ని కూర్చోబెట్టాను. ఆయన స్పూనుతో కలిపితే తమ్ముడు లేచిపోయాడు. వాచీ తీయించి, చేత్తో మెదపడం నేర్పించాను. గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ పని చూసుకునే మనిషి, నెయ్యి చేతులతో బిక్కమొహం వేశారు. ఇప్పుడు ఆయన పెడితే వాడు సగం తింటున్నాడు. సగమైనా నాకు పండగే.

మొన్న ఆదివారం అమ్మ తనకీ ఒక కంచం కావాలంది. మెంతిపిండి వెయ్యలేదు. నేను చూస్తూనే ఉన్నాను. పప్పు, నెయ్యి, కాస్త ఉప్పు. ఓపిక లేని వేళ్లతో మెల్లగా మెదిపి, ముద్ద చేసి, "రా నాన్నా" అంది. వాడు మంచం దాకా వచ్చాడు. ముద్ద వంక చూశాడు. రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకున్నాడు.

అమ్మ కాసేపు అలాగే చెయ్యి చాపి ఉంచింది. తర్వాత ఆ ముద్ద తన నోట్లోనే పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, నా వైపు తిరిగింది.

"బాగానే కలిపానే" అంది.