కుడి వైపు కొలత

కోట్లు కుట్టే ఆ షాపులో అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. వయసు ముప్పై ఒకటి. తనకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు, ఎందుకంటే కోత బల్ల ఆమెది. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కోత తప్పితే గుడ్డ గోవిందా! అందుకే ఆ బల్ల దగ్గరికి మాస్టరు ఎవరిని పడితే వాళ్లని రానివ్వడు. ముక్కు మీద కోపమున్న ఆ మనిషి, ఆమెను మాత్రం ఇరవై నాలుగో ఏటే అక్కడ నిలబెట్టాడు.

కుడి రొమ్ములో గడ్డ స్నానం చేస్తుండగా చేతికి తగిలింది. శెనగగింజంత ఉంది. ఈ వయసులో అలాంటివేమీ రావులే అని పక్కింటావిడ తేల్చేసింది, అక్కడికి తనేదో పెద్ద డాక్టరైనట్టు. అసలు డాక్టరమ్మ సూదితో ముక్క తీసి పరీక్షకు పంపి, వారం తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి క్యాన్సరని చెప్పింది. రొమ్ము తీసేశారు. చంకలోని గ్రంథులు కొన్ని తీసేశారు. తర్వాత నెలల తరబడి మందులెక్కించారు. జుట్టు రాలింది, తిండి వాసనకే కడుపులో తిప్పేది. అమ్మ ఏడుస్తుంటే, "నువ్వు సినిమా చూసినా ఏడుస్తావుగా, దీనికీ ఏడవాలా?" అని కసిరింది. అలాగని ఆమెది రాతిగుండె కాదు. అమ్మ బజారుకెళ్లాక గడియ పెట్టుకుని తనూ వెక్కి వెక్కి ఏడ్చేది.

లోదుస్తుల్లో పెట్టుకోమని ఆసుపత్రిలో ఒక మెత్త ఇచ్చారు. రెండు రోజులు పెట్టుకుని, ఉక్క భరించలేక అలమరలో పడేసింది. చూసేవాళ్లు చూస్తారు, చూడనీ అనుకుంది. ఆమె దిగులంతా చెయ్యి గురించే. ఆపరేషన్ తర్వాత కుడి చెయ్యి భుజం దాటి లేవలేదు. కోటు గుడ్డ కోసే కత్తెర చిన్నదా చితకదా, దాన్ని పొద్దస్తమానం ఆడించాలి. గోడకెదురుగా నిలబడి వేళ్లను పైకి పాకించమని వ్యాయామం నేర్పే ఆవిడ చెబితే, పళ్ల బిగువున పాకించేది. అందిన చోటల్లా సుద్దతో గీత పెట్టేది.

"ఆ గోడకు రంగేసి ఏడాది కాలేదే తల్లీ!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

"మరి నీ నెత్తిన గియ్యనా గీతలు?"

గీతలు తలుపు ఎత్తు దాటాక ఆమె షాపుకెళ్లింది. అప్పటికి ఆపరేషనై తొమ్మిది నెలలైంది. బల్ల దగ్గర, ఎప్పుడూ కూనిరాగం తీసే కొత్తాయన ఒకడున్నాడు. మాస్టరు ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి గుండీలు కుట్టమన్నాడు. గుండీలు కుట్టడం తక్కువ పనేమీ కాదు. కానీ కోసే చేత్తో సూది పట్టుకుంటే ప్రాణం గిలగిల్లాడుతుంది. పది రోజులు ఓపిక పట్టి, పదకొండో రోజు వెళ్లి నిలబడింది.

"మాస్టరూ, నా బల్ల నాకెప్పుడిస్తారు?"

"చెయ్యి మధ్యలో మొరాయిస్తే?"

"మొరాయించదు."

"అయితే నా ముందు ఒక కోటు కొయ్యి. సరిగ్గా కూర్చుంటే బల్ల నీది. తేడా వచ్చిందంటే ఆ గుండీలే, మళ్లీ అడక్కూడదు. సరేనా?"

"సరే. ఎవరి కొలత?"

"నీదే కానివ్వు. నోటికొచ్చు కదా!"

నోటికొచ్చు మరి. ఏడేళ్లుగా తన కోట్లు తనే కోసుకుంటోంది. కోటు గుడ్డను రెండు మడతలు వేసి కోస్తారు, కుడి ముక్కా ఎడమ ముక్కా ఒక్క కోతలో అచ్చం ఒకేలా రావాలని. ఆమె మడత వేసింది, సుద్దతో గీసింది, కత్తెర అందుకుంది. చెయ్యి లాగింది కానీ ఆగలేదు. కత్తెర గీత మీదే నడిచింది. మాస్టరు మీసం కింద నవ్వుకోవడం అందరూ చూశారు.

మధ్యాహ్నానికి వదులు కుట్లు వేసి ఇచ్చారు. తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. ఎడమ వైపు కోటు ఒంటికి హత్తుకుంది. కుడి వైపు డొల్లగా లోపలికి కూలిపోయింది.

పక్క మిషనామె, "లోపల కాస్త దూది పెడితే సరిపోతుందిలే అక్కా," అంది.

"కోత తప్పు కాదమ్మాయీ," అన్నాడు మాస్టరు. "చెయ్యి బాగుంది. బల్ల తీసుకో."

"కోటు కూర్చోలేదు మాస్టరూ. మనిషిని చూడకుండా కోశాను. ఇదే పని ఈయన చేస్తే ఊరుకుంటారా?"

కొత్తాయన కూనిరాగం ఆపేశాడు. మాస్టరు "ఊరుకోను," అన్నాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల పోయినందుకు ఏడుపు వచ్చింది, అది నిజమే. అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. తొమ్మిది నెలలుగా రోజూ అద్దంలో చూసుకుంటున్న ఒంటిని తన చేతులే ఇంకా ఒప్పుకోలేదు. కోటు విప్పి పక్కన పడేసి, టేపు తీసుకుంది.

మాస్టరు కొలతల పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాడు. కొలిచేవాళ్లు అంకె పైకి చెప్పాలి, ఆయన రాసుకోవాలి. అది అక్కడి పద్ధతి.

"ఎడమ ముందు భాగం, పదిన్నర అంగుళాలు," అంది.

రాసుకున్నాడు.

టేపు కుడి వైపుకు తిప్పింది. ఇంట్లో అమ్మతో కూడా ఆ వైపు గురించి ఒక్క ముక్క మాట్లాడి ఎరగదు. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. పెదాలు కదిలాయి కానీ మాట బయటికి రాలేదు.

"వినపళ్లేదు," అన్నాడు మాస్టరు, తల ఎత్తకుండా.

"కుడి ముందు భాగం, ఎనిమిది ముప్పావు," అంది, వీధి తలుపు దాకా వినిపించేలా.

మాస్టరు రాసుకుని కొత్తాయన వైపు తిరిగాడు. "కొలత తీయకుండా కొయ్యమన్నది నేను, కాబట్టి ఆ పందెం చెల్లదు. బల్ల ఖాళీ చెయ్యి బాబూ."

ఆమె గుడ్డను మడత లేకుండా పరిచి, కుడి ముక్క ముందు కోసింది.